కింది తలుపు

భర్తమీద ఐలీకి ఉన్న ఫిర్యాదుల్లో మొదటిది, ఆయన ఇంట్లో ఉన్న భార్యకంటే ఇంట్లోంచి పోయిన ఫర్నెస్ గురించే ఎక్కువ మాట్లాడతాడన్నది. రెండేళ్ళ కిందట పాతదాన్ని ఊడదీసి బండిమీద పట్టుకుపోతుంటే ఆ భర్త, సూలో, గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు ఇల్లంతటినీ వెచ్చగా ఉంచింది, ఒక్కనాడు గొంతెత్తలేదు అని చర్చిలో కాఫీ వేళ ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పేవాడు. రేపు తను పోతే ఇందులో సగం మంచిమాటలైనా తనకి దక్కుతాయో లేదోనని ఐలీ కప్పులు సర్దుతూ అనేది. ఆడవాళ్ళు నవ్వేవారు. సూలో నవ్వేవాడు కాదు. కొత్త ఫర్నెస్‌ని ఆయన ఇప్పటికీ "అది" అనే అంటాడు. మంచుకాలంలో రోజుకి నాలుగుసార్లు నేలమాళిగలోకి దిగి, సందులోంచి దాని మంట చూసి, కోడలి వంట రుచి చూసిన అత్తగారిలా ఏమీ అనకుండా పైకి వస్తాడు.

ఐలీకి మండేది ఇక్కడే. పాతదాంట్లో పగులుందని పట్టుకున్నది పరాయివాడు కాదు, ఆమె సొంత తమ్ముడు ఓన్ని. ఆ ఇనుపగనుల ఊళ్ళో అంత చెయ్యి తిరిగిన ఫర్నెస్ మనిషి లేడని ఆమె నమ్మకం. అతని ఫోను నంబరు చర్చి వంటింటి గోడకి గుచ్చింది ఆమే. వీధిలో సగం ఇళ్ళకి అతన్ని పంపింది ఆమే. మొగుడు మాత్రం బావమరిది పేరెత్తితే చాలు, మాట్లాడకుండా పైపు వెలిగించుకుంటాడు.

ఆ నవంబరులో, జింకల వేట మొదలయ్యే శనివారానికి రెండు రోజుల ముందు, ఎదురింటి హిల్యా అత్త పైలట్ దీపం వారంలో మూడోసారి ఆరిపోయింది. హిల్యా ఆ వీధిలో అందరికీ అత్తే. డెబ్భై తొమ్మిదేళ్ళు, ఒక్కతే ఉంటుంది. రెండుసార్లు తనే నేలమీద పడుకుని అగ్గిపుల్లతో వెలిగించుకుంది. మూడోసారి ఐలీ తలుపు తట్టి, ఈ వయసులో పడుకోవడం కష్టం కాదు, లేవడమే కష్టంగా ఉందని చెప్పింది. ఐలీ వెంటనే తమ్ముడికి ఫోను చేసింది.

పైలట్ అంటే బొటనవేలి గోరంత నీలిమంట. ఇల్లు చల్లబడినప్పుడల్లా పెద్ద బర్నర్లని అంటించడం దాని ఉద్యోగం. ఆ మంటలో మూతి పెట్టుకుని పక్కనే ఒక రాగిపుల్ల ఉంటుంది. మూతి వేడిగా ఉన్నంతసేపూ ఆ పుల్ల గ్యాసు దారి తెరిచి పట్టుకుంటుంది. చల్లబడిందా, వదిలేస్తుంది. దీపం ఆరినా ఇల్లు గ్యాసుతో నిండిపోకుండా కాచేది అదే. పాతబడిన పుల్లకి పట్టు తగ్గి, దీపం వెలుగుతుండగానే చెయ్యి వదిలేస్తుంది. సున్నాకి నలభై కిందికి దిగే ఊళ్ళో ఇది బళ్ళో చెప్పకపోయినా అందరికీ తెలుసు. రాగిపుల్లే పోయుంటుందని ఐలీ అనుకుంది. ఓన్ని కూడా ఆ మాటే అంటూ మెట్లు దిగాడు.

అట్టముక్క పరుచుకుని పక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు. ఫర్నెస్ పై తలుపు తీశాడు. వేడిగాలిని ఇంట్లోకి తోసే ఫ్యాన్ బెల్టు చూడాలని కింది తలుపు కూడా తీసి, బంగాళాదుంపల పెట్టెకి ఆనించాడు. ఐలీ టార్చి పట్టుకుంది. మీట తిప్పి, ఎర్ర బొత్తాం నొక్కి పట్టుకుని, పొడుగు అగ్గిపుల్ల చూపించాడు. నీలిమంట పుట్టింది. అరవై లెక్కపెట్టాడు. అత్త కూడా అతనితోపాటు పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. వేలు తీశాడు. దీపం నిలబడింది. అప్పుడు అక్కని పైకి పంపి ఇంటి వేడి పెంచే గోడమీది చక్రం తిప్పించాడు. ఆమె తిరిగి దిగేసరికి బర్నర్లు అంటుకుని ఉన్నాయి. మంటలు దువ్వి జడ వేసినట్టు వరసగా, నీలంగా నిలబడ్డాయి. రేకులు వేడెక్కి ఫ్యాన్ తిరగడం మొదలైంది. తిరగ్గానే మంటలన్నీ పక్కకి వాలి పసుపు నాలుకలు చాచాయి.

"చూశావా అత్తా" అన్నాడు ఓన్ని, చాలా మెల్లగా. గ్యాసు కట్టేశాడు.

మంట ఉండేది రేకుగదుల లోపల, ఇంటిగాలి తిరిగేది వాటి బయట, మధ్యన రేకు ఒక్కటే హద్దు అని చెప్పాడు. ఫ్యాన్ తిరగ్గానే మంట చెదిరిందంటే ఇంటిగాలి లోపలికి దూరుతోందన్నమాట. అంటే రేకు పగిలింది. అదే పగులులోంచి లోపలి విషపుగాలి ఇంట్లోకి వస్తుంది. దానికి రంగుండదు, వాసన ఉండదు. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు. తమ్ముడు చెబుతుంటే ఐలీ చెయ్యి తనంతట తానే అత్త భుజంమీదికి వెళ్ళింది.

అతుకు వెయ్యడానికి కుదరదా అని అత్త అడిగింది. కుదరదన్నాడు. ఇక వాడకూడదని గ్యాసు మీటకి ఎర్రచీటీ తీగతో కట్టాడు. అది కట్టిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి విప్పకూడదు.

"కొత్తదానికి ఇరవై ఏళ్ళు హామీ ఇస్తారట" అంది అత్త. "దానికి నేను ఎన్నేళ్ళు హామీ ఇవ్వగలను?"

నవ్వించడానికే అంది. తర్వాత ఏప్రాను జేబుల్లో చేతులు పెట్టుకుని, అయితే మార్డెల్ మాటే గెలిచిందని గొణిగింది.

మార్డెల్ అంటే హిల్యా అత్తకి అన్న కూతురు, డులుత్ నగరంలో ఉంటుంది. ఇల్లు అమ్మేసి అక్కడి వృద్ధుల భవనంలో గది తీసుకోమని నాలుగేళ్ళుగా పోరుతోంది. ఈ ఇల్లు నన్ను వెచ్చగా ఉంచలేని రోజున వస్తాను, అంతదాకా అడగొద్దు అని అత్త మాటిచ్చింది. కొనేవాళ్ళు సిద్ధంగానే ఉన్నారు. ఆ సాయంత్రమే అత్త ఫోను చేసి తన మాట తను నిలబెట్టుకుంది. సోమవారం ఉదయం మార్డెల్ కాగితాలు పట్టుకుని వస్తానంది. సంతకం పడితే ఇల్లు అత్తది కాదు.

ఓన్ని నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా ఖాళీ చేసి, అత్త పెట్టెని తనే మోసుకుంటూ రోడ్డు దాటించి అక్క ఇంట్లో దించాడు. ఎంత మర్యాద గల పిల్లవాడు అంది అత్త. ఐలీ ఛాతీ కొంచెం పొంగింది. తర్వాత రోజుల్లో ఆమెకి అన్నిటికంటే గుచ్చుకున్నది ఆ పొంగే.

శుక్రవారం ఇల్లంతా వేటసామానుతో నిండిపోయింది. ఎర్రకోట్లు, ఉన్ని సాక్సులు, ఎండుచేపల డబ్బాలు. ఏటా ఈ శనివారానికి ఊళ్ళో మగవాడన్నవాడు మిగలడు. పెళ్ళయినా చావైనా సోమవారం దాకా ఆగాల్సిందే. సూలో తుపాకీ తుడుస్తూ, ఎదురింట్లో ఏమైందని అడిగాడు. ఫ్యాన్ తిరగ్గానే మంట చెదిరిందని ఐలీ చెప్పింది. గుడ్డ పట్టుకున్న అతని చెయ్యి ఆగింది.

"మళ్ళీనా?" అన్నాడు.

"మళ్ళీ ఏమిటి? ఒకే ఏడు కొన్న ఫర్నెస్‌లు, ఒకే రోగం. మా తమ్ముడు లేకపోతే ఈపాటికి నువ్వూ నేనూ సమాధుల్లో పక్కపక్కన ఉండేవాళ్ళం. అక్కడ కూడా ఆ పాతదాని గురించే చెప్పేవాడివి."

సూలో ఇంకేదో అనబోయి, పైపు కోసం జేబు తడుముకున్నాడు. మర్నాడు తెల్లవారకముందే ఓన్ని బండి వచ్చి హారన్ కొట్టింది. బావా బావమరుదులు కలిసి అడవికి వెళ్ళారు.

శనివారం గాలి తిరిగి ఉత్తరం నుంచి వీచడం మొదలైంది. అత్త వంటింట్లో ఏలకుల రొట్టెకి పిండి జడలల్లుతోంది. ఊరికే కూర్చుంటే చేతులు సోమవారం గురించి ఆలోచిస్తాయట. పైకి వచ్చే వేడిగాలి బలహీనంగా ఉందని, ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుందని ఐలీ నేలమాళిగలోకి దిగింది. ఫిల్టర్ మార్చడం సూలో పని. అతను ముందు స్విచ్ ఆపి, తర్వాత కింది తలుపు తీసి, పాతది లాగి కొత్తది తోస్తాడు. తీయడం, లాగడం, తోయడం ఐలీకి గుర్తున్నాయి. ఆపడం గుర్తు లేదు. ఫర్నెస్ వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె కింది తలుపు ఎత్తి ఊడదీసింది.

ఫ్యాన్ మోత ఒక్కసారి పెద్దదైంది. ఎందుకా అని తల వంచితే పైతలుపు సందులోంచి మంట కనబడింది. పక్కకి వాలి, పసుపు నాలుకలు చాచి ఊగుతోంది.

మొదట ఆమెకి వచ్చింది భయం. ఇదీ పగిలిందనుకుంది. పైన అత్త ఉంది, పరుగెత్తాలి అనుకుంది. తలుపు కింద పడేస్తే చప్పుడవుతుందని, అలవాటుకొద్దీ దాన్ని దాని చోట తగిలించింది. మంట నీలంగా నిలబడింది.

ఐలీ అలాగే వంగి ఉండిపోయింది. తలుపు తీసింది. మంట వాలింది. పెట్టింది. నిలబడింది. మూడోసారి తీసినప్పుడు చేతి వెనకభాగాన్ని సందు దగ్గర పెట్టి చూసింది. గాలి ఆమె చేతిని రాసుకుంటూ కిందికి, ఫ్యాన్ వైపు పోతోంది. కింది తలుపు ఉంటే ఫ్యాన్ ఇంటి గదుల్లోని గాలిని గొట్టాల వెంట లాక్కుంటుంది. లేకపోతే ఎదురుగా ఉన్న గాలినే, మంట నోటి దగ్గరి గాలినే లాగేస్తుంది. ఏ ఫర్నెస్ మంటైనా ఊగుతుంది. రెండేళ్ళ వయసున్నదైనా, పగులు లేనిదైనా.

బంగాళాదుంపల పెట్టె గుర్తొచ్చింది. దానికి ఆనించిన కింది తలుపుమీద మొన్న తనే మోకాలు పెట్టి టార్చి పట్టుకుంది.

దాని వెనకే ఇంకో తలుపు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట, ఇదే నేలమాళిగలో, బట్టలుతికే మిషనుకి ఆనించి. దానిమీద ఆమె తమ్ముడి కాఫీ కప్పు పెట్టబోతే జారిపోతుందక్కా అని నవ్వుతూ అందుకున్నాడు. ఆ నవ్వుతోనే మంట చూపించాడు.

ఫిల్టర్ చేతిలోనే ఉంది. బోర్లించిన బకెట్టుమీద కూర్చుంది. పైనుంచి అత్త, రొట్టె పొయ్యిలో పెట్టానని, పావుగంటలో తియ్యాలని కేకేసింది. సరేనంది. ఏడుపు రాలేదు. చర్చి వంటింటి గోడకి గుచ్చిన నంబరు ఒక్కో అంకె వరసగా కళ్ళముందు కదిలింది. ఆ నంబరు చూసి పిలిచినవాళ్ళు ఎందరో, వాళ్ళలో ఎందరి మంటలు ఊగాయో.

మధ్యాహ్నం ఐలీ సావునా గదిని వేడిచేసింది. శనివారం ఆవిరిస్నానం మానడమంటే ఆ ఇళ్ళల్లో అపశకునం. అత్త పైబల్లమీద కూర్చుని, వేడెక్కిన రాళ్ళమీద నీళ్ళు పోయించుకుని, కళ్ళు మూసుకుంది.

"వాళ్ళ భవనంలో సావునా ఉందటే?"

లేదేమోనంది ఐలీ.

"పోనీలే. ఈ వయసులో నాకు కడగడానికి ఏం మిగిలింది" అంది అత్త. ఆవిరిలో ఆమె ముఖం సరిగ్గా కనబడలేదు. చెప్పేద్దామని ఐలీకి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే అత్త నమ్ముతుంది. కానీ ఎర్రచీటీ ఉండగా మార్డెల్ నమ్మదు. తన ఇంటి మంట సాక్ష్యం ఎదురింటి రేకుకి సరిపోదు. నిజంగానే అక్కడ పగులుంటే? లేదని చెప్పగలిగిన చెయ్యి ఒక్కటే. అది అడవిలో తుపాకీ పట్టుకుని ఉంది.

వేటగాళ్ళు ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. ఒక జింక, రెండు గడ్డాలు, రెండు రోజుల వాసన. ఓన్ని ఇంటికెళ్ళి స్నానం చేసి భోజనానికి వస్తానన్నాడు. సూలో గరాజులో జింకని దూలానికి వేలాడదీస్తుంటే ఐలీ తాడు అందించింది.

"మన పాతది పోయిన రోజున కింది తలుపు ఎక్కడుంది?"

సూలో ముడి బిగించడం ఆపలేదు. "మిషనుకి ఆనించి."

"నీకు తెలుసు."

"అనుమానం. తెలియడం వేరు."

"నాకెందుకు చెప్పలేదు?"

ముడి ఇంకోసారి లాగి చూశాడు. "చెప్తే నన్ను నమ్మేదానివా, వాణ్ణి నమ్మేదానివా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. ఒకడు మోసం చేశాడు, ఒకడు చూస్తూ ఊరుకున్నాడు. రెండేళ్ళూ ఇద్దరూ ఆమె చేతి కాఫీ తాగుతూనే ఉన్నారు. ఊరుకున్నవాడి మౌనం ఎదురింటిదాకా పాకిందని ఆమె అనలేదు. సూలో ముఖం చూస్తే అనక్కర్లేదనిపించింది. తాడు కొస అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది.

భోజనమయ్యాక ఐలీ కోటు వేసుకుని, అత్తకి కోటు అందించి, తమ్ముడితో పనిముట్ల పెట్టె తీసుకురమ్మంది. ఎక్కడికని అడిగాడు. ఎదురింటికంది. అందరూ మంచులో రోడ్డు దాటారు. చివర సూలో.

హిల్యా ఇల్లు మూడు రోజుల్లోనే ఎవరూ లేని ఇల్లయింది. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. ఐలీ ముందు మెట్లు దిగి దీపం వేసింది.

"మొన్నటిలాగే ఇంకోసారి చూపించు" అంది. "ఈసారి రెండు తలుపులూ పెట్టి."

ఓన్ని ఆమె వైపు చూశాడు. తర్వాత సూలో వైపు. సూలో పైపు తియ్యలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని బావమరిదినే చూశాడు.

"ఎర్రచీటీ ఉంది అక్కా. విప్పకూడదు."

"కట్టింది నువ్వేగా."

"ఈ పని గురించి నీకేం తెలుసని."

"ఏమీ తెలీదు. అందుకే రెండేళ్ళు నిన్ను నమ్మాను."

అత్త ఏమీ అర్థం కానట్టు మెట్టుమీద కూర్చుని చేతితొడుగులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కానీ ఆమె కళ్ళు బంగాళాదుంపల పెట్టె దగ్గర ఉన్న కింది తలుపుమీదికి వెళ్ళి అక్కడే ఆగాయి.

ఓన్ని మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఎర్రచీటీ తీగ విప్పాడు. బొత్తాం నొక్కి, పుల్ల గీసి, అరవై లెక్కపెట్టి వదిలాడు. దీపం ఆరిపోయింది. రెండోసారీ అంతే. అడగకుండానే పెట్టె తెరిచి కొత్త రాగిపుల్ల తీశాడు. పాతది విప్పి, కొత్తదాని మూతిని మంట దారిలో వంచి బిగించాడు. నిమిషాల పని. ఈసారి దీపం నిలబడింది. పై తలుపు పెట్టాడు. కింది తలుపు సూలో అందించాడు. దాన్ని అందుకుని తగిలించేముందు ఓన్ని కొంచెంసేపు పట్టుకుని ఉన్నాడు.

ఐలీ పైకెళ్ళి చక్రం తిప్పి వచ్చింది. బర్నర్లు అంటుకున్నాయి. అందరూ సందులోంచి చూడడానికి ఒకరి తల పక్కన ఒకరు తల పెట్టారు. రేకులు వేడెక్కుతూ టిక్కు టిక్కుమన్నాయి. ఫ్యాన్ తిరిగింది.

మంట కదల్లేదు.

ఇంకా చల్లగా ఉందని, బాగా వేడెక్కితేనే పగులు తెరుచుకుంటుందని ఓన్ని అన్నాడు. అయితే ఆగుదామంది ఐలీ. ఆగారు. పది నిమిషాలు. పైనున్న గదుల్లో వేడిగాలి తిరుగుతున్న చప్పుడు వినబడింది. అత్త కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంది. మంటలు నీలంగా, గీత గీసినట్టు, వరసలోనే ఉన్నాయి. పదిహేను నిమిషాలు.

అప్పుడు ఓన్ని చెప్పాడు, నేలని చూస్తూ. తను పనిచేసే ఫర్నెస్ కంపెనీ ఆఫీసు గోడమీద పనివాళ్ళ పేర్లున్నాయట. కొత్త ఫర్నెస్‌గా మారిన ప్రతి ఎర్రచీటీకీ పేరు పక్కన ఒక నక్షత్రం. నక్షత్రాలు తక్కువున్నవాణ్ణి ప్రతి ఏడూ క్రిస్మస్‌కి ముందు పంపేస్తారు. గనిలో ఒకసారి ఉద్యోగం పోయింది, ఇంకోసారి పోతే ఎలా అన్నాడు. మొదటి నక్షత్రం ఎవరిదని ఐలీ అడగలేదు. వీడు ముందు తనని నమ్మే ఇల్లే వెతుక్కుని ఉంటాడు. నమ్మే ఇల్లు ఎవరిదో ఆమెకి తెలుసు.

హిల్యా అత్త మెట్టుమీంచి లేచింది. కోపంగా లేదు. "మార్డెల్ రేపు తొమ్మిదింటికి బయల్దేరుతుంది" అంది. "నేను చెప్తే ముసల్ది మొరాయిస్తోందనుకుంటుంది."

ఐలీ వంటింట్లోకి నడిచింది. గోడకున్న ఫోను తీసి, అత్త చెబుతుంటే నంబరు తిప్పింది. అవతల మోగడం మొదలవగానే రిసీవరు తమ్ముడి వైపు చాపింది. అతను దాన్ని చూశాడు. చిన్నప్పుడు ఆమె చేదుమందు చెంచా చాపితే ఇలాగే చూసేవాడు. అప్పుడు ముక్కు మూసి పోసేది. ఇప్పుడు చెయ్యి చాపి ఊరికే నిలబడింది. అవతల ఎవరో హలో అన్నారు.

ఓన్ని తీసుకున్నాడు.

తనెవరో చెప్పాడు. కాగితాలు తేనక్కర్లేదని చెప్పాడు. ఫర్నెస్ వెలుగుతోందని, మీ అత్త ఈ ఇంట్లో నిశ్చింతగా ఉండొచ్చని చెప్పాడు. మార్డెల్‌ది పెద్ద గొంతు, వంటింట్లో అందరికీ వినబడింది. మరి పగులు సంగతేమిటని అడుగుతోంది.

"పగులు లేదు. నేను తప్పు చెప్పాను."

అంతటి పొరపాటు ఎలా జరుగుతుందని ఆమె నిలదీసింది. ఓన్ని ఫోను తీగని వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. సూలో కిటికీ దగ్గర నిలబడ్డాడు. అత్త కుర్చీ అంచున కూర్చుంది. ఓన్ని అక్క వైపు తిరగలేదు. గోడనే చూస్తూ మాట్లాడాడు.

"పొరపాటు కాదమ్మా. తెలిసే చెప్పాను. తప్పు నాదే." ఊపిరి తీసుకుని, గొంతు ఇంకా తగ్గించాడు. "మా అక్కకీ ఇలాగే చెప్పాను. వాళ్ళదీ బాగానే ఉండేది."